నోరు కట్టుకోలేదన్న నింద

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ గురించి, వాళ్ళు పక్కన లేనప్పుడు బంధువులు అనుకునే మాట ఒకటుంది. "లక్షలు పోసి పొట్ట కోయించుకున్నారు, నోరు మాత్రం కట్టుకోలేకపోయారు." బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో ఈ మాటకి కొదవ లేదు. ఆపరేషనైన రెండో ఏడో మూడో ఏడో, తగ్గిన బరువులో కొంత తిరిగొచ్చిందని తెలియగానే తీర్పు తయారుగా ఉంటుంది. కొందరు డాక్టర్లు కూడా ఇదే తీర్పుని కాస్త మర్యాదగా చెబుతారు: మేం చేయాల్సింది చేశాం, మిగతాది మీ చేతుల్లో ఉంది అని. ఈ అభిప్రాయం తప్పు. పైగా దీనివల్ల మనుషులకి నిజంగా హాని జరుగుతోంది. ఆపరేషన్ ఏ తిండిని ఆపగలదో, ఏ తిండిని ఆపలేదో రోగికీ ఇంట్లోవాళ్ళకీ ఎవరూ విడమరచి చెప్పరు. ఆపలేని తిండినే ఇంట్లో, ఆఫీసులో, ఫోన్‌లో చేతికందేంత దగ్గర పెడతాం. ఆ తర్వాత మనిషి నిగ్రహాన్ని తప్పుపడతాం.

ముందు ఆపరేషన్ ఏం చేస్తుందో చూద్దాం. చాలామంది దీన్ని కొవ్వు తీయించుకోవడం అనుకుంటారు. అది వేరే సంగతి, దీనికీ దానికీ సంబంధం లేదు. ఇప్పుడు మన దేశంలో ఎక్కువగా చేస్తున్నది స్లీవ్ ఆపరేషన్. అందులో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండంత సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన పైభాగంలోనే కాబట్టి తొలి నెలల్లో చాలామందికి ఆకలే తెలియదు. బైపాస్‌లో అయితే 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మాత్రం పైన మిగిల్చి, దాన్ని నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. రెండిటిలోనూ ఒక్కసారి పట్టే తిండి తగ్గుతుంది. అయితే ఆ తగ్గింపు అన్ని తిండ్ల మీదా ఒకేలా పనిచేయదు. ఒక చక్లీనే తీసుకోండి. బియ్యప్పిండి, కాస్త మినప్పిండి, వెన్న, నూనె. పళ్ళకింద పటపటమని రెండుసార్లు నమిలేసరికి పొడి, లాలాజలం తగిలేసరికి ముద్ద. దాని వెంట ఓ గుక్క ఫిల్టర్ కాఫీ పడితే ఆ ముద్ద దాదాపు జావ అయిపోతుంది. జావ ఆ గొట్టంలో నిలవదు, జారి పేగులోకి వెళ్ళిపోతుంది. అదే ఉడికించిన కోడిమాంసం ముక్కో, పనీరో, ఉడకబెట్టిన గుడ్డో అయితే నాలుగైదు ముద్దలకే ఛాతీ కింద బరువుగా కూర్చుని ఇక చాలంటుంది. అంటే కోసి కుట్టిన పొట్ట అడ్డుకునేది ఒంటికి అవసరమైన గట్టి తిండిని. అవసరం లేని కరకరలాడే తిండి సందు చూసుకుని దూరిపోతుంది. ఇంత స్పష్టమైన సంగతిని ఆపరేషన్‌కి ముందు ఎంతమందికి ఈ మాటల్లో చెబుతున్నారు?

కేలరీల లెక్క చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. నూనెలో వేయించిన మిక్చర్ వంద గ్రాములకి దాదాపు 500 కేలరీలు. అంత మిక్చర్‌ని ఒక్క విడతలో తినడం స్లీవ్ అయినవాళ్ళకి తొలి రోజుల్లో సాధ్యం కాదు. కానీ సాయంత్రం నాలుగింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా గంటకో గుప్పెడు చొప్పున తినడానికి ఏ అడ్డూ లేదు. కడుపు బిగుసుకోదు, వాంతి రాదు, తిన్నట్టే తెలియదు. ఆపరేషనైన తొలి నెలల్లో రోజు మొత్తానికి వెయ్యి కేలరీలైనా లోపలికి పోని మనిషికి ఈ సాయంకాలపు 500 ఎంత బరువైన లెక్కో చెప్పనక్కర్లేదు. దీనికి తోడు రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెం తినమని ఒక సలహా ఉంటుంది. పొట్టలో నాలుగు చెంచాలు కూడా పట్టని తొలి వారాలకి అది సరైన సలహానే. దాని గడువు ఎప్పుడు తీరుతుందో చెప్పేవాళ్ళు లేక, అది జీవితాంతం నములుతూ ఉండడానికి అనుమతిగా మారుతోంది. ఆస్ట్రేలియాలో సుజాన్ కోల్స్, ఆమె సహ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనం ఈ మార్పుని చక్కగా పట్టుకుంది. వాళ్ళు చూసింది కడుపుకి పట్టీ వేసే ఆపరేషన్ చేయించుకున్న 129 మందిని. ఒక్కసారిగా విపరీతంగా తినేసే అలవాటు ఆపరేషన్ తర్వాత బాగా తగ్గిపోయింది. చిన్న చిన్న మోతాదుల్లో రోజంతా తింటూ ఉండే అలవాటు మాత్రం అంతకుముందు నలుగురిలో ఒకరికి ఉంటే, తర్వాత మూడోవంతు మందికి మించింది. ఒకేసారి ఎక్కువ తినే దారి మూసుకుపోతే తిండి రెండో దారి వెతుక్కుంది. దీన్ని ముందే ఊహించి, ఆ రెండో దారి దగ్గర సాయం అందించాల్సింది పోయి, అటు వెళ్ళిన మనిషిని దోషిగా నిలబెడుతున్నాం.

శరీరమే శిక్షిస్తుందిలే అనే నమ్మకం ఒకటి కూడా ప్రచారంలో ఉంది. బైపాస్ అయినవాళ్ళు చక్కెర ఎక్కువున్నది తింటే పది నిమిషాల నుంచి అరగంటలోపు గుండెదడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు పట్టుకోవడం నిజమే. దాన్నే డంపింగ్ అంటారు. గంట నుంచి మూడు గంటల తర్వాత రక్తంలో చక్కెర పడిపోయి కళ్ళు తిరగడం ఇంకో రకం. కేసరిబాత్ నాలుగు చెంచాలు తిని ఇలా ఇబ్బంది పడినవాళ్ళు మళ్ళీ దాని జోలికి పోకపోవచ్చు. కానీ ఇది అందరికీ రాదు, వచ్చినవాళ్ళకీ అన్నివేళలా రాదు, స్లీవ్ అయినవాళ్ళలో తక్కువ. ముఖ్యంగా దీన్ని రేపేది తీపి. కోడుబళె, నిప్పట్టు, కారప్పూస, ఖారా బిస్కెట్ తింటే చాలామందికి ఏమీ కాదు. తీపికి భయపడి మానేసిన మనిషి నిశ్చింతగా కారానికి మళ్ళుతాడు. శరీరం కాపలా కాస్తుందని నమ్మి కూర్చుంటే, ఆ కాపలా ఒక్క తలుపు దగ్గరే ఉంటుందని ఆలస్యంగా తెలుస్తుంది.

ఇక నిగ్రహం సంగతి. ఈ నిందకి మూలాధారం, తినడం మానడం కేవలం మనసుకి సంబంధించిన విషయమని, గట్టివాడు ఆగుతాడని, మెత్తనివాడు ఆగడని. దీన్ని పరీక్షించిన సందర్భాలు ఉన్నాయి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకుల మీద అర్ధాకలి ప్రయోగం చేశాడు. వాళ్ళు యుద్ధంలో ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోక, దానికి బదులుగా తమంతట తాము ఈ బాధకి ముందుకొచ్చినవాళ్ళు. అంతకంటే గట్టి మనసున్నవాళ్ళని ఎక్కడ వెతకగలం? తిండి సగానికి తగ్గించిన కొన్ని నెలలకి వాళ్ళ ఆలోచనంతా తిండి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. వంటల పుస్తకాలు పోగు చేసుకున్నారు, కలలో తిండి చూశారు. మళ్ళీ కావలసినంత తినే అవకాశం వచ్చాక కడుపు నిండినా ఆగలేకపోయారు. ఇటీవలిది 2019లో కెవిన్ హాల్ బృందం చేసిన ప్రయోగం. ఇరవై మందిని ఆస్పత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టారు. ముందుంచిన భోజనంలో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగా ఉండేలా చూశారు. ఎంత తింటారన్నది వాళ్ళ ఇష్టానికి వదిలేశారు. ఫ్యాక్టరీ తిండి ఉన్న రోజుల్లో అదే మనుషులు రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, వేగంగా తిన్నారు, బరువు పెరిగారు. మామూలు వంట రోజుల్లో తగ్గారు. రెండు వారాల్లో ఆ ఇరవై మంది గుణం మారిపోయిందని ఎవరైనా అనగలరా? మారింది పళ్ళెంలో తిండి. మన దేశం లెక్కే చూసినా, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అధిక బరువున్న మహిళలు 20.6 శాతం, 2019-21 సర్వేలో 24 శాతం. అంత కొద్ది ఏళ్ళలో దేశంలో ఆడవాళ్ళందరి నిగ్రహం సన్నగిల్లిందనడం కంటే, వాళ్ళ చుట్టూ తిండి మారిందనడమే తర్కానికి నిలుస్తుంది.

బరువు కొంత తిరిగి రావడాన్ని వైఫల్యంగా చూడడం కూడా ఈ నిందలో భాగమే. స్వీడన్‌లో 1987లో మొదలైన ఎస్.ఓ.ఎస్. అధ్యయనం వేలమందిని ఏళ్ళ తరబడి వెంబడించింది. బైపాస్ చేయించుకున్నవాళ్ళు తొలి ఒకటి రెండేళ్ళలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ళకి అది 25 శాతం దగ్గర నిలిచింది. పట్టీ వేయించుకున్నవాళ్ళకి 20 నుంచి 14కి పడింది. అంటే కొంత తిరిగి రావడం ఈ ఆపరేషన్ల సహజ గతి. ఎవరో కొందరు బలహీనుల కథ కాదు. అలా తిరిగొచ్చాక కూడా, ఆపరేషన్ చేయించుకున్న గుంపులో మరణాలు చేయించుకోని గుంపు కంటే తక్కువేనని 2007లో తేలింది. కాబట్టి "మళ్ళీ మొదటికే వచ్చింది" అన్న ఎత్తిపొడుపు లెక్కకి నిలవదు. శరీరం తన పాత బరువుని వెతుక్కుంటుందన్నది కూడా తెలిసిన విషయమే. టీవీ పోటీలో భారీగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షిస్తే, కదలకుండా ఉన్నప్పుడు వాళ్ళ ఒళ్ళు ఖర్చు చేసే శక్తి ఉండాల్సినదానికంటే రోజుకి 500 కేలరీలు తక్కువగా కనిపించింది. వాళ్ళు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు కాదు, ఆపరేషన్ ఈ ఎదురుదెబ్బని కొంత తగ్గిస్తుంది. కానీ పూర్తిగా తీసేయదు. ఇంత పెద్ద శక్తితో పోరాడుతున్న మనిషిని, పక్కనుంచి ఒక్క మాటతో తేల్చేస్తున్నాం.

ఇప్పుడు ఆ మనిషి బతికే ఊరిని చూడండి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో చిక్కపేటలో మొదలైన అయ్యంగార్ బేకరీలు ఇవాళ బెంగళూరులో ప్రతి మలుపులోనూ ఉన్నాయి. గాజు సీసాల్లో నిప్పట్టు, బెణ్ణె బిస్కెట్, కాంగ్రెస్ కడలెకాయి, అద్దాల వెనక ఖారా బన్, దిల్‌పసంద్ ముక్కలు. ఆఫీసుకి వెళ్తే నాలుగు గంటలకి ప్యాంట్రీలో కాఫీ మెషీన్ పక్కనే బిస్కెట్లు, చిప్స్ ప్యాకెట్లు. ఎవరి పుట్టినరోజైనా కేకు. స్విగ్గీ పుట్టింది ఈ ఊళ్ళోనే, 2014లో. ఇప్పుడు వంటింట్లో మంచినీళ్ళు తాగి వచ్చేంతలో మిక్చర్ ప్యాకెట్ గుమ్మం దగ్గరుంటుంది. ఇంటికి తాళం వేసినట్టు ఫోన్‌కి తాళం వేయలేం. వీటన్నిటికీ మించినది, ఊరినుంచి రాత్రి బస్సులో వచ్చే డబ్బా. అనంతపురం నుంచో నెల్లూరు నుంచో అమ్మ పంపిన జంతికలు, చేగోడీలు, సున్నుండలు. అందులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. అందుకే దాన్ని తిరస్కరించడం అంత కష్టం. ఇంకో సంగతి మన ఇళ్ళలో అసలు చర్చకే రాదు. ఆపరేషన్ చేయించుకున్నది ఇల్లాలైతే, పండక్కి బాండలి ముందు కూర్చుని అందరికీ జంతికలు వత్తేదీ ఆమే. ఉప్పు సరిపోయిందో లేదో నోట్లో వేసుకుని చూడాల్సిందీ ఆమే. పిల్లలు వదిలేసిన పళ్ళెం తుడిచేదీ ఆమే. ఆమె చేత అంతా వండించి, వడ్డించి, ఆ పైన ఆమె నోటికి కాపలా కాసే ఇంటికి నిగ్రహం గురించి మాట్లాడే అర్హత లేదు.

దీనికి గట్టిగా వినిపించే అభ్యంతరం, మరి అదే ఆపరేషన్ చేయించుకుని చక్కగా నిలబెట్టుకున్నవాళ్ళు ఉన్నారు కదా అని. ఉన్నారు. వాళ్ళని చూసి నేర్చుకోవాల్సిందే, కానీ వాళ్ళలో నిగ్రహాన్ని ఒక్కదాన్నే చూస్తే ఏమీ నేర్చుకోలేం. ఇద్దరికి ఒకే ఆపరేషన్ చేసినా హార్మోన్లు ఒకేలా మారవు. ఒకరి ఇంట్లో వంట వాళ్ళ చేతిలో ఉంటుంది, ఇంకొకరు మూడు షిఫ్టుల్లో పీజీ తిండి మీద బతుకుతారు. ఎక్కువ కాలం బరువు నిలుపుకున్నవాళ్ళ వివరాలు 1994 నుంచి సేకరిస్తున్న ఒక అమెరికా రిజిస్టరులో తరచు కనిపించేది పొద్దున తప్పకుండా తినడం, వారానికోసారైనా బరువు చూసుకోవడం, రోజులన్నీ ఇంచుమించు ఒకే తీరుగా తినడం. వీటిలో ఏదీ కోరికతో ముఖాముఖి కుస్తీ కాదు. అన్నీ కుస్తీ అవసరం రాకుండా చేసుకున్న ఏర్పాట్లు. అయితే మనిషికి బాధ్యతే లేదా అంటారు కొందరు. తప్పకుండా ఉంది. రాత్రి తొమ్మిదింటికి, అలసిపోయి, డబ్బా మూత తెరిచి ఉన్నప్పుడు ఆ బాధ్యతని వెతికితే దొరకదు. ఆదివారం పొద్దున కడుపు నిండా టిఫిన్ చేసి సామాన్ల చీటీ రాసేటప్పుడు దొరుకుతుంది. మనిషి తన బుద్ధి బాగున్న వేళలో తీసుకున్న నిర్ణయం, బుద్ధి అలసిపోయిన వేళలో తనని కాపాడాలి. బాధ్యత అన్నదాన్ని అక్కడ పెట్టమనే నా వాదన.

అందుకు మొదట చేయాల్సింది, ఎవరి చెయ్యి ఏ తిండి దగ్గర ఆగదో వాళ్ళు తెలుసుకోవడం. నూనె పదార్థాలు, తీపి మానండి అని అచ్చేసిన చీటీ ఇందుకు పనికిరాదు. ఒకరికి అది మిక్చర్. ఇంకొకరికి కాఫీలో ముంచిన మారీ బిస్కెట్. మరొకరికి వేరుశనగలు, అవి ఆరోగ్యకరమని పేరున్నా సరే. ఇష్టమైన తిండి అంతా ప్రమాదం కాదు. ఒకటి తిని ఆగగలిగినదాన్ని ఇంట్లో ఉంచుకోవచ్చు. ఆగలేనిది ఇంట్లోకి రాకూడదు, అంతే. దానికి బదులు వెతుక్కోవడానికి విదేశీ ప్రొటీన్ బార్ల దాకా పోనక్కర్లేదు. నానబెట్టిన పెసరపప్పుతో కోసంబరి, సెనగ గుగ్గిళ్ళు, అలసందల ఉసలి, ఉడికించిన గుడ్డు, పనీరు ముక్కలు. ఇవన్నీ నమలాలి, ఇవన్నీ ఆ సన్నటి గొట్టంలో కాసేపు నిలుస్తాయి, రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలన్న లెక్కకీ సాయపడతాయి. శ్రీరామనవమికి వీధి వీధినా పంచే కోసంబరిని మించిన సాయంకాలపు తిండి ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి దొరకడం కష్టం. వేళ చూసుకుని, గిన్నెలో పెట్టుకుని, కూర్చుని తినాలి. తింటూ కాఫీ తాగకూడదు, అరగంట ఆగాలి. పిల్లలకి కూడా చిరుతిండి మాన్పించమంటారా అని అడుగుతారు. అక్కర్లేదు. వాళ్ళకి చిన్న ప్యాకెట్లు కొనిపెట్టొచ్చు, బయట తినిపించొచ్చు, తినగా మిగిలింది పక్కింటికి పంపొచ్చు. పండగల మీదా నాకు ఏ విరోధమూ లేదు. ఉగాది నాడు విస్తట్లో భోజనం చివర అరముక్క బొబ్బట్టు తిన్నందువల్ల ఎవరి ఆపరేషనూ పాడవదు. పాడుచేసేది, పండగ వెళ్ళిన పదిహేను రోజుల వరకూ అటకమీద ఉండి పిలిచే డబ్బా.

ఆస్పత్రుల వంతు కూడా ఉంది, అది చిన్నది కాదు. ఆపరేషనయ్యాక ఇచ్చే ఆహారపట్టిక తొలి వారాల జావలు, మెత్తటి తిండి గురించి గంటల లెక్కన చెబుతుంది. ఆకలి తిరిగొచ్చే ఏడాది తర్వాతి కాలానికి వచ్చేసరికి మౌనం. నిజమైన కష్టం మొదలయ్యేదే అప్పుడు. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రాసిన నిబంధన ఈ ఆపరేషన్‌కి షరతుల్ని స్పష్టంగా చెప్పింది, వాటిలో ముఖ్యమైనవి: డాక్టరు సలహా ఉండాలి, వయసు 18 నిండాలి, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు సూచిక) కనీసం 40, లేదా తీవ్రమైన జబ్బులు తోడైతే కనీసం 35 ఉండాలి. ఆపరేషన్ తర్వాత ఏళ్ళ తరబడి అవసరమయ్యే ఆహార నిపుణుల సలహా గురించి ఆ షరతుల్లో ఒక్క మాట లేదు. కత్తికి డబ్బు దొరుకుతుంది, సలహాకి దొరకదు. ఇక నింద చేసే నష్టం ఇక్కడే తేలుతుంది. బరువు పెరిగానని సిగ్గుపడిన మనిషి చెకప్‌కి వెళ్ళడం మానేస్తాడు. తూకం మీద నిలబెట్టి నలుగురిలో నిలదీస్తారన్న భయం అది. ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి బి12, ఐరన్, విటమిన్ డి లోపాలు వస్తాయి, వాటిని జీవితాంతం రక్తపరీక్షలతో కనిపెట్టుకుని ఉండాలి. బి12 లోపాన్ని పట్టించుకోకపోతే నరాలు దెబ్బతింటాయి. అంటే "నోరు కట్టుకోలేకపోయారు" అనే మాట నాలుగు కిలోలు కూడా తగ్గించలేదు సరికదా, కాళ్ళు తిమ్మిరెక్కే జబ్బుని ఎవరూ చూడని మూలకి నెడుతుంది. బరువు పెరిగి తిరిగొచ్చిన మనిషిని డాక్టరైనా, ఆహార నిపుణులైనా ముందుగా అడగాల్సింది ఎందుకు తిన్నారని కాదు. సాయంత్రం నాలుగింటికి మీ చేతికి ఏం అందుతుంది, అది ఎవరు తెస్తున్నారు, ఇంట్లో ఎక్కడ పెడుతున్నారు, రాత్రి భోజనం ఎన్నింటికి, కిందటిసారి రక్తపరీక్ష ఎప్పుడు చేయించారు. ఆ ప్రశ్నలకి జవాబు చెప్పడానికి రోగితోపాటు ఇంట్లో వంట చేసేవాళ్ళనీ, సామాన్లు తెచ్చేవాళ్ళనీ ఎదురు కుర్చీలో కూర్చోబెట్టాలి.